గడ్డి కూడా అడవే: చాంగ్‌థాంగ్ మైదానాలు మనకు చెప్పే మాట

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు సభలో మన పాటలు విన్నాం, మన ఆటలు చూశాం. నన్ను పర్యావరణం గురించి మాట్లాడమన్నారు. అడవి గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేముంటుంది? ఇప్పపువ్వు ఎప్పుడు రాలుతుందో, తునికాకు ఎప్పుడు కోయాలో మీ ఇంట్లో అమ్మానాన్నలే నాకన్నా బాగా చెప్తారు. అందుకే ఈ రోజు చెట్టన్నదే లేని ఒక చోటికి మిమ్మల్ని తీసుకెళ్దామనుకుంటున్నాను. అక్కడ కూడా మనలాంటి ఒక తెగ బతుకుతోంది. వాళ్ల గడ్డి, వాళ్ల జంతువులు, వాళ్ల కష్టం తెలుసుకుంటే మన అడవి మనకు ఇంకాస్త బాగా అర్థమవుతుందని నా నమ్మకం.

ఆ చోటు పేరు చాంగ్‌థాంగ్. టిబెటన్ భాషలో ఉత్తరపు మైదానం అని అర్థం. టిబెట్‌లో మొదలై మన దేశంలోని లడఖ్ తూర్పు భాగం దాకా పరుచుకున్న ఎత్తైన గడ్డి భూమి అది.

ఎంత ఎత్తు? ఎంత చలి?

మన తూర్పు కనుమల్లో బాగా ఎత్తైన అర్మకొండ సుమారు 1,680 మీటర్లు. చాంగ్‌థాంగ్‌లోని త్సో మొరిరి సరస్సు నీటి మట్టమే 4,500 మీటర్ల పైన ఉంది. అంటే అర్మకొండ మీద అర్మకొండ పెట్టినా ఆ సరస్సు ఒడ్డుకు అందం. చుట్టూ ఉన్న కొండలు ఇంకా పైకి పోతాయి. అంత ఎత్తులో మనం పీల్చే ప్రతి శ్వాసలో ఇక్కడ దొరికే ఆక్సిజన్‌లో సగానికి కొంచెం ఎక్కువ మాత్రమే దొరుకుతుంది. చలికాలంలో సున్నాకు దిగువన 30 డిగ్రీలు, ఒక్కోసారి ఇంకా కిందికి పోతుంది.

ఇక వాన సంగతి. మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు, ఆ పైన కురుస్తుంది. లేహ్ పట్నంలో ఏడాది మొత్తానికి సుమారు 100 మిల్లీమీటర్లు. మనకు శ్రావణంలో ఒక్క ముసురు పడితే వచ్చేంత వాన. రుతుపవనాలు హిమాలయాలు దాటి రాలేవు కాబట్టి ఆ కొండల వెనక భూమి ఎండిపోయి ఉంటుంది. మంచు కరిగి వచ్చే వాగుల నీరే ఆధారం.

ఎండు నేల మీద పచ్చదనం

అంత కరువు నేల మీద ఏం మొలుస్తుంది? దూరం నుంచి చూస్తే మట్టి రంగు తప్ప ఏమీ కనబడదు. దగ్గరికి పోయి మోకాళ్ల మీద కూర్చుంటే తెలుస్తుంది. జానెడు కూడా లేని గడ్డి దుబ్బులు ఉంటాయి. వాగుల పక్కన, సరస్సుల చుట్టూ తుంగజాతి మొక్కలు తివాచీలా పరుచుకుని ఉంటాయి. ముళ్ల పొద కారగానా చిక్కుడు కుటుంబానికి చెందినది. మన కంది చేలాగే దాని వేళ్లు కూడా గాలిలోని నత్రజనిని నేలకు పట్టిస్తాయి. మెత్త ఆకారంలో నేలకు అతుక్కుని పెరిగే మొక్కలు కొన్ని ఉన్నాయి. గాలికి ఎగిరిపోకుండా, లోపలి వెచ్చదనం పోకుండా అలా ముద్దగా పెరుగుతాయి.

ఈ మొక్కలన్నిటికీ బతకడానికి ఏడాదిలో నాలుగు నెలలు దొరికితే గొప్ప. మే నెలాఖరులో చిగురించి సెప్టెంబరు వచ్చేసరికి పసుపు రంగుకు తిరుగుతాయి. అందుకే ఈ గడ్డి తన ఆస్తిని పైన దాచుకోదు, వేళ్లలో దాచుకుంటుంది. మనకు కనబడే ఆకుకంటే మట్టి కింద ఉన్న వేరే ఎక్కువ. ఒక లారీ ఆ తివాచీ మీద నుంచి పోయిందంటే, ఆ చక్రాల గుర్తు ఏళ్ల తరబడి మానదు. ఇక్కడ నరికిన మోడు రెండు వానలకు చిగురిస్తుంది. అక్కడ చీలిన నేల అంత త్వరగా మూసుకోదు.

ఎవరెవరు బతుకుతున్నారు?

ఈ గడ్డిని నమ్ముకుని పెద్ద జంతువులే ఉన్నాయి. కియాంగ్ అనే అడవి గాడిద గుంపులు గుంపులుగా మైదానాల్లో తిరుగుతుంది. వీపు ఎర్రమట్టి రంగు, పొట్ట తెలుపు. న్యాన్ అనే పెద్ద అడవి గొర్రె వాలు కొండల మీద ఉంటుంది. భరల్ అనే నీలి గొర్రె రాతి గుట్టల దగ్గరే మేస్తుంది, ఎందుకంటే ప్రమాదం వస్తే బండల మీదికి ఎగబాకడమే దాని రక్షణ. చిన్న టిబెటన్ జింక లడఖ్‌లో ఇప్పుడు చాలా కొద్ది సంఖ్యలోనే మిగిలింది. లడఖ్ ఉత్తరపు మూలల్లో చిరు అనే జింక, అడవి యాక్ కూడా ఉన్నాయి.

వీటిని తినేవాళ్లూ ఉన్నారు. బయలు మైదానం తోడేలుది. రాతి గుట్టలు మంచు చిరుతవి. 2024 జనవరిలో విడుదలైన దేశపు మొదటి పూర్తి లెక్క ప్రకారం మన దేశంలో 718 మంచు చిరుతలు ఉన్నాయి, అందులో 477 లడఖ్‌లోనే. అంటే మూడింట రెండు వంతులు ఆ ఒక్క ప్రాంతంలోనే బతుకుతున్నాయి.

ఇప్పుడు ఒక చిన్న జంతువు గురించి కాస్త ఎక్కువ చెప్తాను. దాని పేరు పికా. చూడటానికి తోక లేని ఎలుకలా ఉంటుంది, నిజానికి కుందేలుకు చుట్టం. పక్కనే ఉండే మర్మోట్ అనే బొద్దు జంతువు చలికాలం మొత్తం బొరియలో నిద్రపోతుంది. పికా నిద్రపోదు. ఆ గడ్డకట్టే చలిలోనూ మేలుకునే ఉంటుంది. కాబట్టి నక్కకు, తోడేలుకు, గద్దకు, పల్లాస్ పిల్లి అనే అడవి పిల్లికి ఏడాది పొడవునా అదే తిండి. అది తవ్విన బొరియల్లో మంచు పిచ్చుకలు గూళ్లు పెట్టుకుంటాయి. చెట్టు లేని చోట పిట్టకు తొర్ర ఎక్కడ దొరుకుతుంది చెప్పండి? పికా బొరియే ఆ తొర్ర.

చైనాలోని టిబెట్ పీఠభూమిలో ఈ పికాను గడ్డి తినే పురుగుగా లెక్కగట్టి దశాబ్దాల పాటు విషం పెట్టి చంపారు. తర్వాత పరిశోధకులు చూస్తే విషం పెట్టిన చోట పక్షులు తగ్గాయి, వేటాడే జంతువులు తగ్గాయి. బొరియలున్న నేలలో వాన నీరు బాగా ఇంకుతోంది, బొరియలు పోయిన నేల మీది నుంచి జారిపోతోంది. పశువులు ఎక్కువై ఇప్పటికే పలచబడిన గడ్డిలో పికాలు పెరుగుతాయి. అది చూసి పికా వల్లే గడ్డి పోయిందనుకున్నారు. రోగం ఒకటైతే మందు మరొకదానికి వేశారన్నమాట.

మన చెరువుకు వచ్చే ఆ ఊరి చుట్టం

చాంగ్‌థాంగ్‌లోని త్సో మొరిరి, త్సో కర్ సరస్సులు రెండూ అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలలుగా రామ్‌సర్ జాబితాలో ఉన్నాయి. మొదటిది 2002లో, రెండోది 2020లో చేరాయి. ఎండాకాలంలో ఆ ఒడ్లు పక్షులతో నిండిపోతాయి. నల్లమెడ కొంగ మన దేశంలో గుడ్లు పెట్టేది ప్రధానంగా లడఖ్ చిత్తడి నేలల్లోనే. ప్రపంచంలోని కొంగ జాతి సారసాల్లో అంత ఎత్తైన భూముల్లో బతికేది ఇదొక్కటే. ఒక జత మామూలుగా రెండు గుడ్లు పెడుతుంది. ఏటా అదే మడుగుకు తిరిగి వస్తుంది. లడఖ్ తన రాష్ట్ర పక్షిగా దీన్నే ఎంచుకుంది.

తల వెనక రెండు నల్ల చారలుండే బూడిదరంగు పెద్ద బాతును మీలో కొందరు చూసే ఉంటారు. బార్ హెడెడ్ గూస్ అంటారు. చలికాలంలో మంజీరా, పోచారం వంటి చోట్లకు వస్తుంది. ఆ జాతి గుడ్లు పెట్టే చోట్లలో చాంగ్‌థాంగ్ సరస్సులు కూడా ఉన్నాయి. అది హిమాలయాలను దాటి వస్తుంది. 7,000 మీటర్లకు పైన ఎగిరినట్లు పరికరాలతో నమోదు చేశారు. పలచని గాలిలో కూడా ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకునే రక్తం దానికి ఉంది. అక్కడి చిత్తడి నేల ఎండిపోతే ఇక్కడి చెరువు మీద రెక్కల చప్పుడు తగ్గుతుంది. ఇక్కడి చెరువు పూడ్చేస్తే అక్కడి గూడు ఖాళీ అవుతుంది. ఎక్కడి మైదానం, ఎక్కడి దక్కను చెరువు! ఆ రెండింటినీ ఒక పిట్ట కలుపుతోంది.

చాంగ్‌పాల బతుకు

ఈ గడ్డి మీదే బతికే తెగ చాంగ్‌పాలు. 1989లో వీళ్లను షెడ్యూల్డ్ తెగగా గుర్తించారు. మేకలు, గొర్రెలు, యాక్‌లే వాళ్ల ఆస్తి. యాక్ బొచ్చుతో నేసిన నల్లని గుడారాన్ని రెబో అంటారు. కట్టెలు లేని దేశం కదా, ఎండిన పేడే పొయ్యిలోకి. పాత రోజుల్లో త్సో కర్ ఒడ్డున ఉప్పు పోగుచేసి, గొర్రెల వీపున మూటలు కట్టి, కొండలు దాటి వెళ్లి ధాన్యానికి మార్చుకునేవాళ్లు. మన లంబాడా తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుని దక్కను అంతా తిరిగిన కథ గుర్తొస్తోంది కదూ?

వాళ్ల మేక ఒంటి మీద పై వెంట్రుకల కింద సన్నని ఉన్ని పెరుగుతుంది. అదే పష్మీనా. మనిషి వెంట్రుకలో ఐదో వంతు మందం. ఆ చలే ఆ ఉన్నిని పెంచుతుంది. చలికాలం పోయాక దువ్వెనతో దువ్వి తీస్తారు. మేక బతికే ఉంటుంది, మరుసటేడు మళ్లీ ఇస్తుంది.

దీని పక్కన ఇంకో ఉన్ని కథ పెట్టి చూడండి. షాతూష్ అనే శాలువా చిరు జింక ఉన్నితో నేస్తారు. చిరును దువ్వడం కుదరదు, చంపాల్సిందే. ఒక్క శాలువాకు మూడు నుంచి ఐదు జింకలు పోతాయి. జింక పొదలకు రాసుకున్నప్పుడు ఊడిన ఉన్నిని ఏరి తెస్తామని వ్యాపారులు చాలా కాలం చెప్పుకొచ్చారు. జార్జ్ షాలర్ వంటి శాస్త్రవేత్తలు టిబెట్ మైదానాల్లో తిరిగి ఆ మాట అబద్ధమని తేల్చారు. ఇప్పుడు షాతూష్ వ్యాపారం నేరం. రెండూ ఉన్నే, రెండూ అదే గడ్డి తిన్న జంతువులవే. ఒకటి ఇచ్చినంత తీసుకోవడం, ఇంకొకటి ఉన్నదంతా లాక్కోవడం. చెట్టు నరక్కుండా ఇప్పపువ్వు ఏరుకునే మనకు ఈ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు.

చాంగ్‌పాలు ఇష్టం వచ్చినట్లు తిరుగుతారని బయటివాళ్లు అనుకుంటారు. అది తప్పు. ఏ నెలలో ఏ లోయ, ఎవరి మందలు ఎటు, ఎన్నాళ్లు, అన్నీ ఊరు కూర్చుని తేల్చుకుంటుంది. గోబా అనే పెద్ద దాన్ని నడిపిస్తాడు. మన పటేల్ లాంటివాడన్నమాట. చలికాలపు మేతను ఎండాకాలంలో ముట్టుకోరు. ఒక చోట గడ్డి పూర్తిగా తినకముందే గుడారం ఎత్తేస్తారు. గడ్డికి ఊపిరి తీసుకునే సమయం ఇవ్వడమే ఆ కట్టుబాటు.

తోడేలు గుంతలు

అక్కడ అంతా మంచే ఉందని నేను చెప్పను. తోడేలు మందలో పడితే ఒక్క రాత్రిలో కుటుంబం నడుం విరుగుతుంది. అందుకని లడఖ్ ఊళ్లలో పూర్వం నుంచి షాన్‌డాంగ్ అనే రాతి గుంతలు కట్టేవారు. పైన ఇరుకు, లోపల వెడల్పు. లోపల మేకను కడతారు. తోడేలు దూకుతుంది, గోడ లోపలికి వంగి ఉండటం వల్ల ఎక్కి బయటికి రాలేదు. తర్వాత రాళ్లతో కొట్టి చంపేవారు.

2018లో చుషుల్ గ్రామస్థులు ఒక నిర్ణయం తీసుకున్నారు. వన్యప్రాణి పరిశోధకులు, బౌద్ధ గురువులు వాళ్లతో కూర్చుని మాట్లాడారు. గుంతలను కూలగొట్టలేదు, అవి తాతల గుర్తు. గోడలో ఒక పక్క రాళ్లు తీసి, పడిన జంతువు బయటికి వచ్చే దారి చేశారు. పక్కనే ఒక స్తూపం కట్టుకున్నారు. మరి మేకల సంగతి? తోడేలు, మంచు చిరుత దూకలేని విధంగా పైకప్పు, గట్టి తలుపులతో పశువుల దొడ్లు కట్టుకునే పని లడఖ్‌లో చాలా ఊళ్లలో జరుగుతోంది. ఇందులో నాకు నచ్చింది ఒకటుంది. పై నుంచి హుకుం వచ్చి ఆపలేదు. నష్టం ఎవరిదో వాళ్లే కూర్చుని, ముందు తమ మందకు రక్షణ చూసుకుని, తర్వాత తోడేలుకు దారి ఇచ్చారు.

ఇప్పుడు ముంచుకొస్తున్నవి

1962 యుద్ధం తర్వాత చాంగ్‌పాలకు సరిహద్దు అవతలి చలికాలపు మేత భూములు కొన్ని పోయాయి. అంతకు ముందే టిబెట్ నుంచి కాందిశీకులు తమ మందలతో వచ్చారు. భూమి తగ్గింది, మందలు పెరిగాయి. పష్మీనాకు ధర ఉంది కాబట్టి గొర్రెలు తగ్గి మేకలు పెరిగాయి. గడ్డి మీద బరువు పడింది. ఆ కోపం కొన్ని చోట్ల కియాంగ్ మీదికి మళ్లింది. లెక్క వేసి చూస్తే పశువుల మేత ముందు కియాంగ్ తినేది చాలా చిన్న వాటా.

పర్యాటకులు పెరిగారు, శిబిరాలు పెరిగాయి, చెత్త పెరిగింది. ఆ చెత్త తిని కుక్కలు పెరిగాయి. ఆ ఊరకుక్కలు ఇప్పుడు కొంగ పిల్లలను, కియాంగ్ కూనలను, మేకలను పట్టుకుంటున్నాయి. ఒక చిప్స్ ప్యాకెట్‌కూ నల్లమెడ కొంగ గూటికీ మధ్య ఉన్న దారి ఇదే.

పాంగ్ ప్రాంతంలో 13 గిగావాట్ల భారీ పునరుత్పాదక విద్యుత్ పథకానికి ప్రణాళిక వేశారు. దాని కరెంటు లైన్లకు 2023లో కేంద్రం ఆమోదం తెలిపింది. సౌర విద్యుత్ దేశానికి అవసరమే, కాదనను. కానీ ఆ పలకలు పరిచేది ఖాళీ భూమి మీద కాదు, తమ మేత భూమి మీద అని పశుపాలకులు భయపడుతున్నారు. లడఖ్‌లో అత్యధికులు షెడ్యూల్డ్ తెగలవారే. మనకు ఐదో షెడ్యూల్ ఉన్నట్లు తమకు ఆరో షెడ్యూల్ రక్షణ కావాలని వాళ్లు అడుగుతున్నారు. జాతీయ షెడ్యూల్డ్ తెగల కమిషన్ 2019లోనే అలా సిఫారసు చేసింది.

ఇంకో బాధ కూడా ఉంది. ఖర్నక్ అనే సంచార సమూహంలో చాలా కుటుంబాలు లేహ్ పట్నం అంచుకు చేరి స్థిరపడ్డాయి. పిల్లలకు బడి కావాలి, ముసలివాళ్లకు ఆసుపత్రి కావాలి. వాళ్లను తప్పుబట్టడానికి మనమెవరం? మీరంతా ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో చదువుకుంటున్నవాళ్లేగా. కానీ ఏ లోయలో ఏ గడ్డి ఎప్పుడు మేపాలో తెలిసిన తాత గుడారం ముందు కూర్చుని ఉంటే, వినడానికి మనవడు అక్కడ లేడు. చదువు వద్దని కాదు. చదువూ కావాలి, ఆ మాటా పోకూడదు. ఈ రెండూ కుదిర్చే పని మీ తరానిదే.

మనం చేయగలిగింది

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మన దేశపు ప్రభుత్వ లెక్కల్లో గడ్డి భూముల్లో చాలా భాగం బంజరు భూముల పట్టికలో ఉంది. చెట్టు లేదు, నాగలి లేదు, కాబట్టి పనికిరాని భూమి అని. కొమురం భీం కాలంలో నిజాం అధికారులు పశువులు మేపుకున్నందుకు బంబ్రాం, కట్టెలు తెచ్చుకున్నందుకు దూపపెట్టి అని పన్నులు గుంజారు. మనది కాని భూమిలో మేపుతున్నామన్నది వాళ్ల వాదన. జల్, జంగల్, జమీన్ అన్నది దానికి జవాబు. ఆ జవాబులో మేత భూమి కూడా ఉందని మరిచిపోవద్దు.

2006 అటవీ హక్కుల చట్టం అనగానే మనకు పోడు పట్టాలే గుర్తొస్తాయి. అదే చట్టంలో పశువుల మేతకు, సంచార పశుపాలకుల రాకపోకలకు, సామూహిక అటవీ వనరుల రక్షణకు కూడా హక్కులున్నాయి. మీ ఊరి గ్రామసభలో అవి అడిగారా? ఇంటికెళ్లి కనుక్కోండి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి ఊరికీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. మీ పంచాయతీలో అది ఉందా? ఉంటే అందులో మీ భాషలో మొక్కల పేర్లు ఉన్నాయా? లేకపోతే రాసేది మీరే. చేతిలో ఫోన్ ఉంది. ఈ సెలవుల్లో మీ తాతయ్యనో అమ్మమ్మనో వెంటబెట్టుకుని పశువులు మేసే బయలుకు పోండి. గోండీలోనో, కోయలోనో, కువిలోనో, సవరలోనో ఒక్కో గడ్డి పేరు అడగండి. ఏ పశువు తింటుంది, ఏ నెలలో వస్తుంది, ఏ పిట్ట ఆ దుబ్బులో గుడ్లు పెడుతుంది, అన్నీ రికార్డు చేయండి. పేరు తెలియని గడ్డిని బంజరు అని రాయడం సులువు. యాభై పేర్లున్న బయలును బంజరు అని రాయాలంటే ఏ అధికారి కలమైనా ఒక్క క్షణం ఆగుతుంది.

చలికాలంలో చెరువు మీద ఆ చారల తల బాతులు దిగితే రాళ్లు విసరకండి, విసిరేవాళ్లను ఆపండి. ఏడు వేల మీటర్లు ఎగరగల పిట్ట మన ఊరి చెరువు దగ్గర చావకూడదు.



జై ఆదివాసీ!